జీర్ణముగాని వాతాపి

తిరుపతికి నైరుతి దిక్కున పాకాల యను ఊరు కలదు. అది పెద్ద పట్టణము కాదు. అయినను రెండు కారణములచే దానికి పేరు వచ్చెను. మొదటిది రైలుకూడలి. గూడూరునుండి తిరుపతి మీదుగా కాట్పాడికి పోవు ఇనుపదారియు, ధర్మవరమునుండి వచ్చు ఇనుపదారియు అచట కలియుచున్నవి. రెండవది స్వర్ణముఖీనది. ఆ నది పాకాల చెంతనున్న కొండలలో పుట్టి, చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతముల మీదుగా పాఱి, తుదకు బంగాళాఖాతమున కలియుచున్నది. అగస్త్య మహర్షి తపఃఫలముగ ఆ నది అవతరించెనని స్థలపురాణము. చంద్రగిరి చేరువ తొండవాడయొద్ద, ఆ నదీతీరమున, అగస్త్యేశ్వరుని ఆలయము నేటికిని కలదు.

అగస్త్యుని పేరు వినగానే వాతాపి కథ స్ఫురింపక మానదు. ఇల్వలుడు, వాతాపి యనువారు ఇరువురు రాక్షస సోదరులు. ఇల్వలుడు తమ్ముని మేకగా మార్చి, వండి, ఇంటికి వచ్చిన అతిథులకు వడ్డించెడివాడు. వారు తృప్తిగా భుజించిన పిమ్మట తమ్ముని పేరుపెట్టి పిలిచెడివాడు. లోపలనున్న వాతాపి చచ్చినవాడు కాడు, జీర్ణమైనవాడును కాడు. పిలుపు వినినంతనే అతిథి పొట్ట చీల్చుకొని వెలుపలికి వచ్చెడివాడు. ఇట్లు ఎందరో మడిసిరి. తుదకు అగస్త్యుడు వచ్చి, వడ్డించినదెల్ల భుజించి, పొట్ట నిమురుకొని, వాతాపి జీర్ణమయ్యెనని పలికెను. ఆ మీద ఇల్వలుడెంత పిలిచినను వాతాపి తిరిగి రాలేదు.

పురాణములోని వాతాపిని చూచినవారు లేరు. కాని మనుష్యుని దేహమున ప్రవేశించి, తన్ను మ్రింగినదాని కడుపులోనే సుఖముగ బ్రదికి, పెరిగి, తుదకు దానినే చీల్చుకొని వెలువడు సూక్ష్మజీవి యొకటి నిజముగ కలదు. దానివలన కలుగు జబ్బునకు కాలా ఆజార్ అని పేరు. కాలా యనగా నలుపు. ఆజార్ అనగా వ్యాధి. రోగి చర్మము నల్లబారుటచే ఆ పేరు వచ్చెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ వ్యాధి వంగదేశమునందును, అస్సాము లోయయందును ఊళ్లకు ఊళ్లనే పాడుపెట్టెను. జ్వరము వారములకొలది విడువదు. ఆకలి చచ్చును. దేహము కృశించి ఎముకలు బయటపడును. రక్తము క్షీణించును. ఎడమప్రక్క డొక్కలోనుండు ప్లీహము ఉబ్బి, బొడ్డువరకు దిగి, చిక్కిన బిడ్డకు కడుపు మాత్రము కుండవలె కనబడును. చికిత్స లేనిచో సాధారణముగ రెండేండ్లలోపల మరణము తప్పదు.

ఈ జబ్బును ఒకరినుండి మరియొకరికి చేర్చునది ఇసుక ఈగ. అది దోమకంటె చాల చిన్నది. దాని పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. పగలు మట్టిగోడల పగుళ్లలోను, పశువుల కొట్టములలోను దాగియుండి, రాత్రి వెలువడి ఆడ ఈగ కుట్టును. కావున ఈ వ్యాధి మేడలలో నిదురించువారిని అరుదుగా తాకును. మట్టియింటిలో, నేలమీద చాప పరచుకొని పండుకొను కూలివాని బిడ్డనే ఎక్కువగా పట్టును. పేదవారి జబ్బు గనుక ధనికదేశముల మందుల కంపెనీలు దానిని చాలకాలము పట్టించుకొనలేదు. ఇట్టి వానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపేక్షిత వ్యాధులని పేర్కొన్నది.

శరీరములో నేమి జరుగునో చూడవలెను. మన దేహమున భక్షకకణములు అను కావలివాండ్రు కలరు. బయటినుండి వచ్చిన క్రిమిని అవి చుట్టుముట్టి మ్రింగి, తమలోని రసములతో జీర్ణము చేయును. సాధారణముగ క్రిమి కథ అంతటితో ముగియును. కాని కాలా ఆజార్ క్రిమి మ్రింగబడుటకే వచ్చినట్లు వచ్చును. భక్షకకణము దానిని మ్రింగును, జీర్ణము చేసికొనజాలదు. క్రిమి ఆ కణము కడుపులోనే ఒకటి రెండై, రెండు నాలుగై వృద్ధిపొందును. తుదకు కణము పగులును. వెలువడిన క్రిములను మరికొన్ని కావలి కణములు మ్రింగును. ఈ కణములు ఎక్కువగా నుండునది ప్లీహమునందును, కాలేయమునందును, ఎముకల మూలుగయందును. వ్యాధికి నెలవులును అవియే.

ఈ క్రిమిని గుర్తించిన కథలో దక్షిణదేశమునకును భాగము కలదు. కలకత్తా చేరువ దమ్‌దమ్‌లో కొలువు చేసి జబ్బుపడిన సైనికుడొకడు ఇంగ్లండులో 1900 లో మరణించెను. అతని ప్లీహమును పరీక్షించిన విలియం లీష్మన్ అందు వింతయైన చిన్న బిందువులను చూచి, 1903 లో ఆ సంగతిని ప్రకటించెను. ఆ కాలమున పాకాల ప్రాంతము మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాకు చేరియుండెను. మద్రాసు నగరమునందలి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డొనోవన్ అను వైద్యుడు అట్టి బిందువులనే మరణించిన రోగుల ప్లీహములలో చూచియుండెను. అవి శవము కుళ్లుటచే పుట్టినవా, లేక జబ్బునకు మూలకారణమా అను సందేహము నిలిచెను. 1903 జూన్ నెలలో డొనోవన్ పండ్రెండేండ్ల బాలుని ప్లీహమునుండి సూదితో కొంచెము రక్తము తీసి చూడగా, సజీవుడైన ఆ బాలుని రక్తమునందును ఆ బిందువులే కనబడెను. సందేహము తీరెను. అంతకు ఆరేండ్ల ముందు, 1897 లో, సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనిన రొనాల్డ్ రాస్ ఇరువురి పేర్లను కలిపి ఆ జీవికి లీష్మానియా డొనోవని యని నామకరణము చేసెను.

శత్రువును గుర్తించుట ఒక యెత్తు. జయించుట మరియొక యెత్తు. కలకత్తాలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి అను వైద్యుడు కాంబెల్ ఆసుపత్రిలోని ఒక చిన్నగదిలో పరిశోధన చేయుచుండెను. ఆ గదికి నీటి కుళాయి లేదు, గ్యాసు లేదు, విద్యుద్దీపము లేదు. రాత్రివేళ కిరసనాయిలు దీపపు వెలుగున ఆయన పనిచేసెను. 1920 ప్రాంతమున ఆంటిమొనీ లోహముతో యూరియా స్టిబమైన్ అను మందును సిద్ధపరచెను. అంతకు పూర్వము నూటికి తొంబదిమంది మరణించుచుండిన జబ్బు ఆ మందుచే లొంగెను. వేలకొలది ప్రాణములు నిలిచెను.

స్వాతంత్ర్యానంతరము మలేరియా నివారణకై ఊరూర డీడీటీ చల్లినపుడు ఇసుక ఈగలును నశించెను. కాలా ఆజార్ ఇక అంతరించెనని పలువురు తలచిరి. కాని మందు చల్లుట తగ్గిన పిమ్మట, 1970 తరువాతి సంవత్సరములలో, అది బీహారులో మరల విజృంభించెను. ఈ మారు మరియొక చిక్కు వచ్చెను. తరతరములుగ ఆంటిమొనీ మందునకు అలవాటుపడిన క్రిములు దానికి లొంగుట మానినవి. శతాబ్దాంతమునకు ఉత్తర బీహారులోని కొన్ని చోట్ల ఆ మందు సగముమందికంటె ఎక్కువ రోగులకు పనిచేయకపోయెను. వాతాపి మరల జీర్ణము కాకుండెను.

అప్పుడు వైద్యులు ఆంఫోటెరిసిన్ బి యను మరియొక మందు నాశ్రయించిరి. ఇది దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశమున, ఒరినోకో నదీప్రాంతపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి 1950 తరువాతి సంవత్సరములలో తీయబడినది. మొదట బూజు తెగులును చంపుటకై దీనిని వాడిరి. ఈ మందు క్రిమి పైపొరలోని ఒక క్రొవ్వు పదార్థమును పట్టుకొని ఆ పొరకు రంధ్రములు పొడుచును. క్రిమిలోని సారము కారిపోయి అది నశించును. కాని మన కణముల పైపొరయందును దానిని పోలిన క్రొవ్వు కలదు. కావున మందు శత్రువునే గాక ఇంటివారినిగూడ పొడుచును. ముఖ్యముగ మూత్రపిండములు దెబ్బతినును. సూది ఎక్కించుచుండగనే రోగి చలిజ్వరముతో వణకిపోవును. అందుచే మందును కొంచెము కొంచెముగ, దినము విడిచి దినము, పదునైదు మారులు రక్తనాళమున ఎక్కింపవలసివచ్చెను. రోగి సుమారు నెలదినములు ఆసుపత్రిలోనే యుండవలెను. కూలిచేసి బ్రదుకు కుటుంబమునకు నెలదినములనగా ఏమి? బిడ్డ మంచముయొద్ద తల్లి కూర్చుండును. ఆమె కూలి పోవును. ఇంటనున్న ఆవునో మేకనో అమ్ముదురు, లేక వడ్డీకి అప్పు తెత్తురు. కొందరు నడుమనే చికిత్స మాని ఇల్లు చేరుదురు. సగము చికిత్సతో జబ్బు తిరుగబెట్టును.

మందు మంచిదే. దోషము దానిని పంపు దారిలో నున్నది. పాకాల కూడలిలో ఒక గూడ్సుబండి నిలిచినదనుకొనుడు. చిత్తూరునకు పోవలసిన సరుకును మూతలేని పెట్టెలో పోసి పంపినచో దారిపొడవునను ఒలికి, చేరవలసిన చోటికి కొంచెమే చేరును. అట్లుగాక పెట్టెకు తలుపు బిగించి ముద్రవేసి పంపినచో సరుకు ఒలుకదు. గమ్యముననే తలుపు తెఱవబడును. మందును సైతము ముద్రవేసిన పెట్టెలో పంపగలమా? అదియే శాస్త్రజ్ఞుల యెదుట నిలిచిన ప్రశ్న.

ఆ పెట్టె వేరొక పనిలో దొరకెను. ఇంగ్లండులో కేంబ్రిడ్జి చేరువ బాబ్రహాం అనుచోట అలెక్ బాంగమ్ అను రక్తపరిశోధకుడు 1960 తరువాత కొలది సంవత్సరములలో లెసిథిన్ అను క్రొవ్వును నీటితో కలిపి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. లెసిథిన్ గ్రుడ్డులోని పచ్చసొనయందును, సోయా చిక్కుడునందును ఉండును. దాని అణువునకు ఒక కొన నీటిని కోరును. మరియొక కొన నీటికి వెఱచును. నీటిలో పడిన ఆ అణువులు వెఱచు కొనలను లోపల దాచుకొని, రెండు వరుసలుగ నిలిచి, తమంతట తామే గుండ్రముగ మూసికొని చిన్న బుడగలగును. ఈ బుడగలకు లైపోసోములని పేరు.

ఈ బుడగలలో మందు దాచి రక్తమున పంపినచో జబ్బున్న చోటికి చేర్చవచ్చునని 1970 తరువాత గ్రెగొరీ గ్రెగొరియాడిస్ మొదలగువారు తలపోసిరి. కాని జంతువులపై ప్రయోగించి చూడగా ఒక చిక్కు కనబడెను. బుడగలు కోరిన చోటికి పోకుండ చాలభాగము కాలేయములోను, ప్లీహములోను చిక్కుకొనుచుండెను. అచటి భక్షకకణములు వానిని పరాయి క్రిములని భ్రమించి మ్రింగివేయుచుండెను. ఇతర రోగములకు మందు పంపదలచినవారికి ఇది పెద్ద ఆటంకమయ్యెను.

అయితే కాలా ఆజార్ క్రిమి నివసించునది ఎచట? ఆ కాలేయములోనే, ఆ ప్లీహములోనే, ఆ భక్షకకణముల కడుపులోనే గదా! ఒకరికి ఆటంకమైనది మరియొకరికి రాజమార్గమయ్యెను. 1977, 1978 సంవత్సరములలో పరిశోధకులు ఆంటిమొనీ మందును లైపోసోములలో నింపి, ఈ జబ్బున్న ఎలుకలకును, వానివంటి చిన్న జంతువులకును ఇచ్చిరి. వట్టి మందుకంటె బుడగలోని మందు వందల రెట్లు బలముగ పనిచేసినట్లు ఒక పరిశోధనలో తేలెను. క్రిమి యే తలుపున ప్రవేశించెనో, మందును ఆ తలుపుననే ప్రవేశించెను. వాతాపి యున్న పొట్టలోనికి అగస్త్యుని జఠరాగ్నియే పోయినట్లయ్యెను.

తరువాత ఆంఫోటెరిసిన్ మందును ఇట్టి బుడగ గోడలోనే ఇమిడ్చి తయారుచేసిరి. ఆ బుడగ వ్యాసము నూరు నానోమీటర్లకు లోపు. సుమారు 80 నానోమీటర్లు. నానో యనగా గ్రీకుభాషలో మరుగుజ్జు. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. తలవెండ్రుక మందము 80 వేల నానోమీటర్లనుకొన్నచో, ఆ మందమున వేయి బుడగలు వరుసగ ఇముడును. ఇంత చిన్నవగుటచే అవి సన్నని రక్తనాళములలో సైతము అడ్డులేక సాగిపోవును. మందు బుడగను అంటిపెట్టుకొని యుండుటచే మూత్రపిండములకు తగులునది తక్కువ. భక్షకకణము బుడగను మ్రింగిన పిదప మందు విడుదలయై లోపలి క్రిమిని పొడుచును. దీనికిని కొన్ని దోషములు లేకపోలేదు. కొందరికి జ్వరము, వణకు కలుగును. కావున వైద్యుని యెదుటనే ఇయ్యవలెను. అయినను పాత మందుతో పోల్చినచో బాధ మిక్కిలి తక్కువ. 1997 లో అమెరికా ప్రభుత్వము ఈ జబ్బునకు ఆ మందును ఆమోదించెను.

ఇక ఎంత మోతాదు చాలునను ప్రశ్న మిగిలెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు శ్యాం సుందర్, ఆయన సహచరులు బీహారులోని ముజఫర్‌పురమున 412 మంది రోగులను రెండు వర్గములుగ చేసి పరీక్షించిరి. ఒక వర్గమునకు పాత పద్ధతిని పదునైదు మారులు మందు నెక్కించిరి. రెండవ వర్గమునకు బరువులో కిలో ఒక్కింటికి పది మిల్లీగ్రాముల చొప్పున బుడగ మందును ఒక్కసారి మాత్రమే యెక్కించి, మరునాడే ఇంటికి పంపిరి. ఆరు నెలలకు చూడగా పాత పద్ధతిలో నూటికి 96.3 వంతులును, క్రొత్త పద్ధతిలో 95.7 వంతులును నయమైరి. ఫలితము దాదాపు సమానమే. కాని నెలదినముల ఆసుపత్రివాసము ఒక్క దినమునకు తగ్గెను! ఈ పరిశోధన 2010 లో ప్రకటింపబడెను.

కాని శాస్త్రము గెలిచినంత మాత్రమున పేదవాడు గెలువడు. నలుబది కిలోల బరువుగల రోగికి ఏబది మిల్లీగ్రాముల సీసాలు ఎనిమిది కావలెను. ధనికదేశములలోని ధరకు అట్టి సీసాలను బీహారు కూలివాడు కలలోనైనను కొనజాలడు. మందున్నది, ప్రాణము పోవుచున్నది, నడుమ ధర యను గోడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనుకొనగా, మందు తయారుచేయు కంపెనీ 2007 లో పేదదేశములకు ధర తగ్గించుటకును, 2011 లో నాలుగు లక్షలకు పైగా సీసాలను ఉచితముగ ఇచ్చుటకును అంగీకరించెను. 2014 నాటికి భారత ప్రభుత్వము ఒకే మోతాదు పద్ధతిని ముఖ్యచికిత్సగా స్వీకరించెను. సీసాలను ఇరువదియైదు డిగ్రీలకు మించని చల్లదనమున నిలుపవలసియున్నందున పల్లె ఆసుపత్రులకు శీతలపేటికలును ఏర్పడవలసివచ్చెను. ఊరూర ఆశా కార్యకర్తలు జ్వరపీడితులను వెదకిరి. ఇండ్లలో ఈగల మందు చల్లిరి. దేశమున 2007 లో 44 వేలకు పైబడిన రోగుల సంఖ్య 2023 నాటికి వేయికి లోపలికి తగ్గెను. 2023 లో బంగ్లాదేశము ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిన మొదటి దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థచే గుర్తింపబడెను.

ఈ విజయము బుడగ ఒక్కటి తెచ్చినది కాదు. మందు, మందు చల్లుట, రోగిని వేళకు గుర్తించుట, ఈ మూడును కలిసినందువలన కలిగెను. పని పూర్తి కాలేదు గూడ. నయమైన కొందరి చర్మమున కొంతకాలమునకు మచ్చలు లేచును. అందు క్రిములు దాగియుండును. ఇసుక ఈగ వారిని కుట్టి మరల వ్యాధిని వ్యాపింపజేయవచ్చును. 1970 తరువాత జరిగినది మరచిపోరాదు. జబ్బు తగ్గినదని కన్ను మూసినవానికి జబ్బే మరల కన్ను తెఱపించును.

పేదల జబ్బులకు మందు వెదకిన మహనీయులలో తెలుగువారును కలరు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించెను. అచట ఆయన బృందము సిద్ధపరచిన హెట్రజాన్ అను మందు 1947 నుండి బోదకాలు వ్యాధికి వాడుకలోనికి వచ్చెను. బోదకాలు తెలుగునాట కోస్తా జిల్లాలకు చిరపరిచితమైన జబ్బు. ఆ మందు రక్తములోని పిల్లపురుగులను బాగుగ చంపును గాని, శోషరసనాళములలో దాగిన పెద్దపురుగులనన్నింటిని చంపజాలదు. అందుచే ఆ నాళములలోనికే మందును మోసికొనిపోవు నానో బుడగలకై నేటి పరిశోధకులు ప్రయత్నించుచున్నారు. అవి ఇంకను పరీక్షల దశలోనే యున్నవి. సుబ్బారావు 1948 లోనే మరణించెను. ఆయన విడిచిన పనిని ముగించుట తరువాతివారి వంతు.

స్వర్ణముఖి పాకాల కొండలలో సన్నని వాగుగ పుట్టును. దారిలో ఎన్నో వాగులు కలిసినగాని అది నది కాలేదు. కాలా ఆజార్ మందును అట్టిదే. మద్రాసు ఆసుపత్రిలో ఒక బాలుని రక్తపు చుక్క, కలకత్తాలో కిరసనాయిలు దీపము, కేంబ్రిడ్జి చేరువ పచ్చసొన క్రొవ్వు, ఒరినోకో ప్రాంతపు మట్టి, ముజఫర్‌పురపు రోగుల సహనము, ఇవి అన్నియు కలిసినగాని వాతాపి జీర్ణము కాలేదు. పురాణమున ఒక్క అగస్త్యుడు చాలెను. ఈ వాతాపిని అరిగించుటకు ఎందరో అగస్త్యులు కావలసివచ్చిరి. అందు చాలమంది ఒకరినొకరు చూచియుండలేదు.

ప్రశ్నలు

1. కాలా ఆజార్ క్రిమిని వాతాపితో పోల్చుట ఏల తగియున్నది?
2. ఆంఫోటెరిసిన్ మందు మేలును కీడును ఒకేసారి చేయుటకు కారణమేమి?
3. లైపోసోములు ప్లీహమున చిక్కుకొనుట ఒకరికి ఆటంకమును, మరియొకరికి మార్గమును ఎట్లయ్యెను?
4. "శాస్త్రము గెలిచినంత మాత్రమున పేదవాడు గెలువడు" – ఈ వాక్యమును పాఠమునందలి విషయములతో సమర్థింపుడు.
5. మీ ఊరిలో దోమలు, ఈగలు వ్యాపింపజేయు జబ్బులేవి? వానిని అరికట్టుటకు ఇంటివారు చేయదగిన పనులేవి?